వెనుకటి యేటి వైకుంఠపాళి

సంగము ప్రాంతమునుండి యొక సోదరి మాకు జాబు వ్రాసినది. ఆమె యొక పొదుపు సంఘమున రెండవ లీడరు. "మాకు సమావేశములకు కొదువ లేదు. నెలకు రెండుమార్లు కూడుదుము. డబ్బు చేతులు మారును, సంతకములు పడును, ఎవరి యిండ్లకు వారు పోవుదుము. మొన్న దసరా వెళ్ళిన పిదప, ఈ యేడు మన సంఘ మెట్లు నడచినది, ఎచ్చట తడబడినది అని యొకసారి నిదానముగా మాటలాడుకొందమని కూర్చుంటిమి. అరగంట గడవకమున్నే యది పంచాయితీ యైనది. ముగ్గురు లేచిపోయిరి. ఇట్టి కూటమును తగవు లేకుండ జరుపుట కేదైన పద్ధతి యున్నచో మీ శీర్షికలో తెలుపగోరెదను" అని యామె వ్రాత.

ఈ జాబునకు నాలుగు నీతులు వ్రాసి పంపుట సులభమే. ఓర్పు వహింపుడు, ఐకమత్యముగా నుండుడు అని మేమన్నంతమాత్రమున నే సంఘమునను తగవు తీరదని మాకు తెలియును. మా యింటిలోనే తీరలేదు. కావున సంక్రాంతి వెళ్ళిన పిమ్మట ఆ సోదరి యూరికి పోయి, ఆ సంఘమువారితో నొక మధ్యాహ్నము గడపితిమి. అచ్చట జరిగినదానిని వారి యనుమతితో, పేర్లును ఊరిపేరును విడిచి, ఇచ్చట వ్రాయుచున్నాము.

నెల్లూరునుండి ఆత్మకూరునకు పోవు మార్గమున సంగము కలదు. పెన్నపై నానకట్ట యుండుటచే నా పేరు జిల్లాలోని రైతుల కెల్లరకు పరిచితమే. పందొమ్మిదవ శతాబ్దపు పాత యానకట్టకు బదులుగా కట్టిన క్రొత్త బ్యారేజి 2022 సెప్టెంబరులో ప్రారంభమైనది. దిగువను వరిచేలు, పడమరగా ఆత్మకూరు దాటి ఉదయగిరి వైపునకు పోవుకొలది మెట్ట, రాళ్ళు, గొఱ్ఱెలు, బఱ్ఱెలు. ఆ మెట్టలోనే, కలిగిరి మండలమున, దూబగుంట యను గ్రామ మున్నది. మన సోదరి యడిగిన ప్రశ్నకు మొదటి బదులు, మా యెఱుకలో, ఆ దూబగుంట రాత్రిబడిలోనే దొరికినది.

1990 ప్రాంతమున నెల్లూరుజిల్లా యంతట అక్షరాస్యతోద్యమము సాగెను. పగలంతయు కూలికి పోయివచ్చిన స్త్రీలు రాత్రివేళ దీపముముందు కూర్చుండి అక్షరములు దిద్దుచుండిరి. వారి వాచకమున 'సీతమ్మ కథ' యను పాఠ మొకటి యుండెను. సారాయివలన కష్టముల పాలైన యొక స్త్రీ కథ యది. ఆ పాఠము చదివినప్పుడు గదిలోని స్త్రీలు మాట లాడసాగిరి. మొదట సీతమ్మనుగూర్చి, ఆమె మగనినిగూర్చి, ఆ యూరి సారాయి దుకాణమునుగూర్చి. తమ మాట తరువాత వచ్చినది. దూబగుంట స్త్రీలు, వర్ధినేని రోశమ్మ మున్నగువారు, తమ యూరి దుకాణమును మూయించిరి. ఆ వృత్తాంతము మరల 'ఆడవాళ్ళు ఏకమైతే' యను పాఠమై ఇతర గ్రామముల చదువు కేంద్రములకు చేరినది. 1993 అక్టోబరు మొదటి తేదినుండి రాష్ట్ర మంతట సారాయి నిషేధింపబడినది. సారాయికి పోవు రూకలు కొంగున మిగిలినప్పుడు, దినమున కొక రూపాయి చొప్పున దాచు 'పొదుపు లక్ష్మి' సంఘములు ఆ జిల్లాలోనే మొలకెత్తినవి. నేటి సంఘములకు పుట్టినిల్లు అదియే యనవచ్చును.

ఈ కథ మన పాఠకురాండ్రలో ననేకులకు తెలిసినదే. అయినను ఇందొక చిన్న విషయమును మేము మరల మరల తలచుకొందుము. ఆ రాత్రిబడిలో నెవరైనను వచ్చి, "అమ్మా, నీ మగడు త్రాగునా? నిన్ను కొట్టునా?" అని సూటిగా నడిగియుండినచో నెందరు నోరు విప్పియుందురు? సీతమ్మ యొక తెర. ఆ తెరవెనుక నిలిచి తమ మాట తాము చెప్పుకొనిరి. అక్షరములు చేసిన మేలెంతో, సీతమ్మ చేసిన మేలును అంతయే యని మా యభిప్రాయము. కలిసి పనిచేయువారు తమ పనిని తామే తఱచి చూచుకొనవలసివచ్చినప్పుడు ఇట్టి తెర యొకటి కావలెను. అది కథ కావచ్చును, ఆట కావచ్చును.

హైదరాబాదు, బెంగుళూరు నగరములలో కంప్యూటరు కంపెనీలందు పనిచేయు మన పిల్లలకు ఈ సంగతి తెలియును. రెండు మూడు వారముల కొకసారి వారొక కూటము జరుపుదురు. 'రెట్రాస్పెక్టివ్' అని పేరు. ముద్దుగా 'రెట్రో' యందురు. మనము వెనుచూపు కూటమందము. నార్మన్ కెర్త్ అను నమెరికా దేశస్థుడు 2001 లో దీనినిగూర్చి యొక గ్రంథము వ్రాసెను. కూటమునకు ముందు ఆయన యొక నియమము చెప్పించును. దాని సారమేమనగా: ఎవరైనను ఆనాడు తమకు తెలిసినంతలో, తమకున్న వసతులలో, చేయగలిగినంత బాగుగనే చేసిరని నమ్మి మాటకు మొదలిడవలెను. 2006 లో ఎస్తర్ డర్బీ, డయానా లార్సెన్ అను నిద్దరు స్త్రీలు మఱియొక గ్రంథమున ఈ కూటమునకు అయిదు మెట్లు చూపిరి. మనసులను సిద్ధపఱచుట, జరిగినవానిని ప్రోగుచేయుట, ఎందుకు జరిగినవో తఱచుట, ఇకమీద చేయవలసినది నిశ్చయించుట, ముగించుట. మూడవ మెట్టును దాటవేసి రెండవదానినుండి నాలుగవదానికి దుముకుటయే మన యిండ్లలోని తగవులకు మూలమని మాకు తోచుచున్నది.

మా బంధువుల యమ్మాయి యొకతె ఇట్టి కంపెనీలో నున్నది. "పిన్నీ, మేము గోడమీద ఓడ బొమ్మ గీస్తాము. ముందుకు నెట్టిన వాటిని గాలి దగ్గర రాస్తాము, ఆపినవాటిని లంగరు దగ్గర, రాబోయే ఆపదలను రాళ్ళ దగ్గర" అని చెప్పినది. మేము వినగనే సంతోషించి, ఆ యోడనే సంగము తీసికొనిపోవుద మనుకొంటిమి. పిదప నవ్వు వచ్చినది. పెన్నలో నీరు చూచిన దినములకన్న నిసుక చూచిన దినములే యెక్కువైన వారికి లంగరు గూర్చి యెవరు చెప్పుదురు? చెప్పిన పిదప ఆటకు ప్రాణ మెక్కడిది? ఆట యనునది ఆడువారి చేతులకు ముందే తెలిసినదై యుండవలెను.

మన కా చింత యేల? వైకుంఠపాళి యుండనే యున్నది. నిచ్చెన యెక్కించును, పాము మ్రింగును. ముసలివారికిని పసివారికిని తెలిసిన సంగతి. పండుగ నాడు, ఏకాదశి జాగరము నాడు గవ్వలు వేసి యాడని యిల్లు మనలో నేది?

ఆ మధ్యాహ్నము రెండుగంటల వేళ, పాలు పిండు సమయమునకు ముందుగా, ఒక సభ్యురాలి యింటి వసారాలో కూడితిమి. సంఘమున పదునొకండుగురు. లేచిపోయిన మువ్వురును వచ్చిరి. కాని వసారా చివర, చెప్పులకు దగ్గరగా కూర్చుండిరి. లీడరు గోడ కానుకొని కూర్చున్నది. నలుబది యేండ్లు దాటినామె, మితభాషిణి. ఆమెకును ఆ మువ్వురకును నడుమ చూపులు కలియుట లేదని మాకప్పుడే యర్థమైనది. కారణము మాత్రము తెలియదు.

నేలమీద ముగ్గుతో పండ్రెండు గళ్ళు వేయించితిమి, నెలకొకటిగా. జనవరి యడుగున, డిసెంబరు పైన. ముగ్గు వేయుటకు ముందు మాట లేదు. వేయుచుండగా ముగ్గురు నలుగురు చేతులు కలిపిరి. గీత వంకర పోయినదని యొకరి నొకరు పరిహసించుకొనిరి. ఆ పరిహాసమే మొదటి మెట్టు. ఒక్కొక్కరికి రెండు పసుపుకొమ్ములు, రెండు ఎండుమిరపకాయలు ఇచ్చితిమి. పసుపుకొమ్ము నిచ్చెన, సంఘమును పైకెక్కించిన నెలలో పెట్టవలెను. మిరపకాయ పాము, క్రిందికి లాగిన నెలలో పెట్టవలెను.

పిమ్మట నియమము చెప్పితిమి. 'ఎవరు' అను మాట ఈ పూటకు నిషిద్ధము. 'ఏమి' అనవచ్చును, 'ఎప్పుడు' అనవచ్చును, 'ఎందువలన' అనవచ్చును. 'ఎవరు' అని నోట వచ్చినచో జరిమానాగా తన యత్తగారి మంచిగుణ మొకటి యందఱియెదుట చెప్పవలెను. అత్తగా రైనవారు కోడలి మంచిగుణము చెప్పవలెను. ఈ జరిమానా మా కల్పన కాదు. చెప్పుల దగ్గర కూర్చున్న యామె సూచించినది. విని యందఱును కొంగు లడ్డము పెట్టుకొని నవ్విరి. "అంతకంటే పది రూపాయలు కట్టేది మేలు" అని యొక యవ్వ పలికినది.

అందఱను వాకిట కూర్చుండబెట్టి, ఒక్కొక్కరినే వసారాలోనికి పంపితిమి. ఎవరి మిరపకాయ యెచ్చట పడినదో రెండవవారికి తెలియదు. ఈ యేర్పాటు ముఖ్యము. అందఱు చూచుచుండగా పెట్టుమన్నచో చిన్న కోడలు పెద్దకోడలి చేతివైపు చూచును. భూమి లేనియామె భూమి గలయామె చేతివైపు చూచును. పదునొకండుగురు ముగియు సరికి ముప్పావు గంట పట్టినది. మధ్యలో నొక కోడిపెట్ట వచ్చి మే నెల గడిని గెలికిపోయినది గాన దానిని మరల సవరింపవలసి వచ్చినది.

అందఱును లోనికి వచ్చి చూచిరి. ఫిబ్రవరి, మార్చి గళ్ళలో పసుపుకొమ్ములు నిండుగా నున్నవి. అవి కోతల నెలలు, కూలి చేతికి వచ్చిన నెలలు. జూన్ గడిలో మిరపకాయలు. జూలైలో నంతకు మించి, ఎఱ్ఱని కుప్ప. ఆ కుప్ప నడుమ ఒకే యొక్క పసుపుకొమ్ము.

కొంతసే పెవరును పలుకలేదు. మాటలతో నైనచో జూలై పేరెత్తుటకే భయపడియుందురు. చూపునకు ఆ భయము లేదు. ప్రతి స్త్రీయు తాను మాత్రమే జూలైని పాముగా తలచితి ననుకొని వచ్చినది. ఇప్పుడు తొమ్మిది మిరపకాయలు కనబడుచున్నవి.

"ఆ పసుపుకొమ్ము ఎవురు పెట్టినారబ్బా?" అని ముగ్గు రొక్కమారే యనిరి. జరిమానా పడినది. ఒకామె తన యత్తగారు పండుగనాడైనను తనకు ముందు వడ్డింపక తినదని చెప్పినది. రెండవ యామె చాలసేపు తలపోసి, "మా అత్త అబద్ధం చెప్పదు" అన్నది. ఆ మాట చెప్పుచుండగా ఆమెకే వింత కలిగినట్లు ముఖము మారినది. నవ్వు తగ్గిన పిదప మేము మెల్లగా నడిగితిమి: "జూలైలో పాము ఏమి?"

బదుళ్ళు వచ్చినవి. జూన్ లో బడులు తెరచిరి. పుస్తకములు, బట్టలు, కాలేజి ఫీజులు. కూలిపనులు పలుచబడినవి. ఒకరి బఱ్ఱె యొట్టిపోయినది. మఱియొకరి మగనికి జ్వరము. ఆ రెండు నెలలును బ్యాంకు అప్పు కంతు నిండలేదు. ఇంతవరకు నందఱు నెఱిగినదే. అంతటితో మాటలాగినవి. చెప్పుల దగ్గరి మువ్వురిలో నొకతె నేలవైపు చూచుచు, "కంతు నిండలేదు. కానీ బ్యాంకులో కట్టినట్టే ఉంది. సెప్టెంబరులో మేము కట్టిన దుడ్డు మాత్రం బ్యాంకులో పడలా" అన్నది.

ఇది యొక పేరు చెప్పని నింద. 'ఎవరు' అను మాట అందు లేదు, నియమము తప్పలేదు. కాని వసారాలో గాలి నిలిచినట్లైనది. మేమును కలతపడితిమి. ఆట యిచ్చటికి వచ్చునని మేము తలపలేదు.

అప్పుడు గోడ కానుకొనియున్న లీడరు ముందుకు జరిగి, జూలై గడిలోని పసుపుకొమ్మును చేతికి తీసికొన్నది. "ఇది నాది" అన్నది.

ఆమె చెప్పినది క్లుప్తము. రెండు నెలల కంతులు తప్పినచో సంఘము పేరు చెడును. వేళకు కట్టువారికి వచ్చు వడ్డీ రాయితీ పోవును. మఱుసటి యప్పు పుట్టదు. ఆమె తన కమ్మలు తాకట్టు పెట్టి ఆ రెండు నెలలును కట్టినది. సెప్టెంబరున సభ్యులు బాకీ చెల్లింపగా, ఆ డబ్బుతో కమ్మలు విడిపించుకొన్నది. పుస్తకమున నేమియు వ్రాయలేదు. వ్రాయు పిల్ల, ఒక సభ్యురాలి కూతురు, జూలైలోనే చదువునకై నెల్లూరు హాస్టలునకు పోయినది. "నేను మంచి చేసినానని అనుకున్నా. అందుకే పసుపు పెట్టినా" అని ముగించినది.

"ఏందక్కా, ఆ మాట ఆ పొద్దే చెప్పి ఉంటే ఏమి?" అని చివర కూర్చున్నయామె గొంతు పూడిపోవుచు నడిగినది.

"చెప్తే మీరు నా ముందర తలొంచుకుంటారని చెప్పలా."

ఈ రెండు మాటలకు నడుమ నాలుగు నెలల గుసగుసలు, ఒక లేచిపోయిన కూటము, చూపులు కలుపకుండ నీళ్ళకు పోయివచ్చిన దినములు కలవు. ఒకరిద్దరు కంట తడిపెట్టిరి. మేము మాత్ర మా క్షణమున కరిగిపోక యొక మాట చెప్పవలసివచ్చినది, కఠినముగ తోచియుండునేమో. మనసులు శుభ్రపడుట వేరు, లెక్క శుభ్రపడుట వేరు. ఆట యాడి లెక్క తేల్చరాదు. కావున మఱునాడు ఉదయమున యానిమేటరును పిలిచి, బ్యాంకు పాసుపుస్తకము, తాకట్టు చీటి, సభ్యుల చేతిపుస్తకములు ముందు పెట్టుకొని కూడిరి. వంద రూపాయల తేడా వచ్చినది. ఒకరి రెండు చెల్లింపులను ఒకటిగా వ్రాసికొనుటచే నైన పొరపాటు. తక్కినదంతయు లీడరు చెప్పినట్లే యుండెను. ఆ లెక్క చూడకయే అందఱు నామెను నమ్మి యింటికి పోయియుండినచో, ఆమెకే యన్యాయము జరిగియుండును. జాలితో నమ్మబడినవారు మరల నెప్పుడైనను అనుమానింపబడుదురు.

ఇంకొక సంగతియు దాచక చెప్పవలెను. సంఘములో డబ్బుగూర్చి అనుమాన మున్నదని మాకు ముందే తెలిసియుండినచో ఆ దినమున వైకుంఠపాళి వేయించెడివారము కాము. మొదట లెక్క చూపించి, పిదప ఆట పెట్టించెడివారము. ఆ లీడరు నోరు విప్పకుండినచో ఆ యెఱ్ఱని కుప్ప యామెపై నుంచిన పదునొకండుగురి తీర్పువలె మిగిలిపోయెడిది. ఇట్టి కూటము జరుప నెంచు సోదరీమణులు ముందుగా నిద్దరు ముగ్గురిని వేర్వేరుగా పలుకరించి, లోపల నేమి కాగుచున్నదో తెలిసికొనుట మేలు. మేమా పని చేయలేదు.

మరల వసారాకు వత్తము. పాముల పని ముగిసినది. నిచ్చెనల పని మిగిలినది. జూలై గడినుండి పైకి నిచ్చెన వేయవలెనన్న దేనితో వేయవలెను? ఎనిమిది సలహాలు వచ్చినవి. చీటి కట్టుదమని యొకరు, బ్యాంకువారిని కంతు తేది మార్పించుడని యడుగుదమని యొకరు, బఱ్ఱెలకు బీమా చేయింతమని యొకరు. అన్నియు మంచివే. కాని యెనిమిదియు తీర్మానించిన సంఘ మొకటియు చేయదు. ఒకటే యేరుకొనుడని మేమంటిమి. రెంటికి తగ్గమని వారనిరి. వారి సంఘము, వారి యిష్టము.

మొదటిది: పుస్తకమును కూటములోనే వ్రాయవలెను; వ్రాసినదానిని లేచుటకు ముందు బిగ్గరగా చదువవలెను. వ్రాయువారెవరు? అచ్చట నొక పెద్దమ్మ కలదు. రాత్రిబడిలో అక్షరములు దిద్దిన తరమునకు చెందినామె. ఇన్నాళ్ళును చదువుకొన్న పిల్లలుండగా తనకేలయని యూరకున్నది. "నా అక్షరం పెద్దది, గడి చాలదు" అని యామె సంకోచింపగా, "రెండు గళ్ళలో రాయి పెద్దమ్మా" అని నలుగు రొక్కసారి యనిరి. పొదుపు సంఘములకు ప్రభుత్వమువారు నేర్పిన పంచసూత్రములలో, వేళకు కూడుట, వేళకు పొదుపు, లోపలి యప్పులు, వేళకు చెల్లింపు అనువానితోపాటు పుస్తక నిర్వహణమును ఒకటి. గోడమీద నా సూత్రములు అతికింపబడియే యున్నవి. సూత్రము గోడమీద నుండెను, పుస్తకము నెల్లూరు హాస్టలులో నుండెను.

రెండవది: ఫిబ్రవరి, మార్చి నెలలలో కోతకూలి వచ్చినప్పుడు ప్రతివారును అర కంతు చొప్పున జూలై కొఱకు ప్రత్యేకముగా సంఘము ఖాతాలో నుంచవలెను. ఇది పసుపుకొమ్ములను చూచి పుట్టిన యాలోచన. నిండుగా నున్న గడినుండి ఎండిన గడికి నిచ్చెన వేయుట. ముగ్గులో నా రెండు గళ్ళను కలుపుచు నవ్వ యొకతె గీత గీచినది. ఆనకట్ట క్రింద బ్రదుకువారికి నీటిని ఒక నెల నిలిపి యింకొక నెల వాడుకొనుట వేరొకరు నేర్పవలసినది కాదు.

పద్ధతి తెలియగోరువారికి మఱి కొన్ని మాటలు. ఈ యాటను ప్రతినెల ఆడరాదు, విసుగు పుట్టును. ఏడాదికి రెండుమార్లు చాలును. సంఖ్య పదునైదు మించినచో రెండు ముగ్గులు వేయుడు. అధికారులు, బ్యాంకువారు, సభ్యుల మగవారు ఆ వేళ నచ్చట నుండరాదు. యానిమేటరు వచ్చినచో ఆమె చేతికిని రెండు మిరపకాయలు ఇచ్చి ఆడించుడు, కూర్చుండి చూడనీయకుడు. సంఘమున నెవరింటనైన మరణము సంభవించిన యేడు నవ్వులాట వలదు. అట్టి యేట సీతమ్మ కథవంటి కథ నొకదాని చెప్పుకొని, దానిపై మాటలాడుకొనుట తగియుండును. జపాను దేశస్థులు తమ కార్ఖానాలలో పని చక్కగా ముగిసినప్పుడు సయితము 'హాన్సేయి' యను పేర నిట్లు వెనుకకు చూచుకొందురు. మనము తప్పు జరిగిననాడే కూటము పెట్టుచున్నాము. అందుచే కూటమన్ననే తప్పు వెదకుట యని భయము. పసుపుకొమ్ముల కొఱకైన నొకసారి పెట్టి చూడుడు.

సంఘములకే కాదు, పెండ్లి వంటలు కలిసి చేసినవారు, బడిలో మధ్యాహ్న భోజనము వండువారు, ఉమ్మడి యింటి కోడండ్రు సయితము దీని నాడవచ్చును. ఉమ్మడి యింట మాత్రము 'ఎవరు' అను మాటకు జరిమానా మార్చుకొనుడు. అత్తగారు ప్రక్కగదిలో వినుచుండగా గుణములు వెదకుట కష్టము.

ఈ వ్యాసము వ్రాయుచుండగా ఆ సోదరి మరల జాబు వ్రాసినది. ఫిబ్రవరిలో పదునొకండుగురిలో తొమ్మండుగురు అర కంతు కట్టిరట. ఇద్దరు మార్చిలో కట్టెదమనిరట. పుస్తకము పెద్దమ్మ చేతనే యున్నది. ఆమె నిజముగానే రెండు గళ్ళలో వ్రాయుచున్నది గాన పుస్తకము త్వరగా నిండిపోవునని, క్రొత్తది కొనవలెనని వ్రాసినది. లేచిపోయిన మువ్వురిలో నొకతె యిప్పుడు లీడరు ప్రక్కన కూర్చుండుచున్నదట. తక్కిన యిద్దరు ఇంకను చెప్పుల దగ్గరనే. ముగ్గు తుడుచునప్పుడు మిరపకాయలను ఆ యింటి యామె యెత్తి డబ్బాలో పోసికొన్నదని, అవి సంఘపు సొమ్మని యవ్వ మొన్నటి కూటమున లెక్క యడిగినదని, ఇరువది రెండింటికి ఇరువదియే తేలినవని, తక్కిన రెండును కోడిపెట్ట ఖాతాలో వ్రాయుడని తీర్మానించిరని జాబు చివర నున్నది.